జాగ్రత్త: ‘గ్రబ్ రెస్క్యూ’ అని కనిపిస్తే హార్డ్ డిస్క్ పోయిందన్న మాట నమ్మకండి

విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఉబుంటును తీసేశాక ల్యాప్‌టాప్ తెరుచుకోవడం లేదని మరమ్మతు దుకాణానికి పరుగెత్తేవారికి ఈ హెచ్చరిక. డిస్క్ పాడైంది, కొత్తది వేయాలి అంటే అక్కడికక్కడే సరేననకండి. మా మేనకోడలి దగ్గర ఇలాగే చెప్పి 8,500 రూపాయలు గుంజారు. డిస్క్‌కు ఏ లోపమూ లేదు.

ఆ అమ్మాయి ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతోంది. ల్యాబ్ పనుల కోసం పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 పక్కనే ఉబుంటు వేసుకుంది. స్థలం చాలక, విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఉబుంటు పార్టిషన్‌ను, అంటే డిస్క్‌లో దానికి కేటాయించిన భాగాన్ని, తొలగించింది. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ‘ఎర్రర్: నో సచ్ పార్టిషన్’, దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’, పక్కనే మిణుకుమిణుకుమనే గీత. ప్రాజెక్టు సమర్పించాల్సిన వారం అది. ఆ కంగారునే దుకాణంవారు సొమ్ము చేసుకున్నారు. కొత్త డిస్క్ (ఎస్ఎస్‌డీ) తప్పదన్నారు, ఫైళ్లు బయటికి తీసినందుకు రికవరీ చార్జీ వేరుగా వేశారు.

పాత డిస్క్ ఇవ్వమంటే మొదట పారేశామన్నారు. గట్టిగా నిలదీస్తే వెనక గదిలోంచి తెచ్చి చేతిలో పెట్టారు. దాన్ని యూఎస్‌బీ కేసులో బిగించి నా కంప్యూటర్‌కు తగిలించాను. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ‘గుడ్’ అని చూపింది. ప్రాజెక్టు ఫోల్డరు, ఫొటోలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. రికవరీ పేరుతో వాళ్లు చేసింది వాటిని కాపీ చేయడమే!

అసలు జరిగేది ఇది. కంప్యూటర్ ఆన్ కాగానే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే బూట్ లోడర్ పేరే గ్రబ్. పాత తరహా బయోస్ (కంప్యూటర్‌ను మొదట నడిపించే ప్రోగ్రామ్) ఉన్న మెషీన్లలో దాని తొలి భాగం డిస్క్ మొదటి సెక్టార్‌లో, అంటే 512 బైట్ల ఎంబీఆర్ (మాస్టర్ బూట్ రికార్డ్)లో ఉంటుంది. మిగతా ఫైళ్లు ఉబుంటు పార్టిషన్‌లో ఉంటాయి. పార్టిషన్ పోయినా ఆ తొలి భాగం అలాగే ఉండి, మిగతా ఫైళ్ల కోసం వెతికి, దొరక్క ఆగిపోతుంది. అద్దెకున్నవారు వెళ్లిపోయినా గేటుకు వాళ్ల తాళం వేలాడుతున్నట్టు. లోపల విండోస్ క్షేమంగానే ఉంటుంది.

విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌ను మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో ఉచితంగా తయారు చేసుకోవచ్చు, 8 జీబీది చాలు. దానితో బూట్ చేసి, ‘ఇన్‌స్టాల్’ నొక్కకుండా ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ ద్వారా కమాండ్ ప్రాంప్ట్‌కు వెళ్లి ‘బూట్‌రెక్ /ఫిక్స్ఎంబీఆర్’ (bootrec /fixmbr) కమాండ్ ఇస్తే విండోస్ బూట్ కోడ్ తిరిగి ఎంబీఆర్‌లో చేరుతుంది. ఏ పార్టిషన్ ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్ జోలికి అది పోదు. మా పాత డిస్క్‌ను మళ్లీ ల్యాప్‌టాప్‌లో పెట్టి ఇలా చేస్తే విండోస్ తెరుచుకుంది.

బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఉన్న కొత్త మెషీన్లలో చాలాసార్లు ఇంత పని కూడా ఉండదు. బూట్ మెనూలో ఉబుంటుకు బదులు ‘విండోస్ బూట్ మేనేజర్’ ఎంచుకుంటే సరిపోతుంది. అయితే డిస్క్‌ను తాళం వేసినట్టు కాపాడే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, సెట్టింగులు ముట్టుకునే ముందే దాన్ని రాసి పెట్టుకోండి.

డిస్కులు నిజంగానే పాడవుతాయి, కాదనను. అలాంటప్పుడు డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ (SMART) రిపోర్టు మీ కళ్ల ముందే తెర మీద చూపించమనండి. చూపించనంటే ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చేయండి. ఫార్మాట్ చేయవద్దని రసీదు మీద రాయించండి. మార్చిన పాత డిస్క్‌ను తప్పకుండా వెనక్కి తీసుకోండి, మీ ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి. బిల్లులో ఏ భాగానికి ఎంత, ఏ పనికి ఎంత అన్నది విడివిడిగా ఉండాలి. మాకిచ్చిన కాగితం మీద ‘సర్వీసింగ్’ అన్న ఒక్క మాటే ఉంది.

ఆ కాగితం, డిస్క్ రిపోర్టు జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాం. సగం డబ్బు ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అని దుకాణం నుంచి ఫోను వచ్చింది. మొత్తం ఇచ్చేదాకా తీసుకోమని చెప్పేశాం.