ఇన్‌బిల్ట్ నావిగేషన్: కారు ఎక్కడుందో దానికి తెలుసు, మనం ఎక్కడికి వెళ్లాలో తెలీదు

కొత్త కారు తీసుకున్న ఎవరినైనా సరే, ఇన్‌బిల్ట్ నావిగేషన్ ఎలా ఉందని అడిగి చూడండి. "ఆ, ఉంది" అంటారు. అంతకు మించి ఒక్క ముక్క రాదు. తీరా వాళ్ల కారెక్కితే డ్యాష్‌బోర్డు మధ్యలో అంత పెద్ద స్క్రీన్ మీద పాట పేరొక్కటే కనిపిస్తూ ఉంటుంది, దాని పక్కనే ఏసీ వెంట్‌కి క్లిప్పు తగిలించి, అందులో ఫోన్ ఇరికించి, ఆ ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ నడుపుతుంటారు. నావిగేషన్ ఉందనే టాప్ మోడల్‌కి ఎక్స్‌ట్రా కట్టినవాళ్ల పరిస్థితి కూడా ఇదే.

సొంత కారులో, అద్దె కార్లలో, ఆఫీసు కార్లలో రకరకాల సిస్టమ్‌లు వాడాను. రోజంతా స్టీరింగ్ పట్టుకుని బతికేవాళ్లతో దీని గురించి గంటలు గంటలు మాట్లాడాను కూడా. అన్నీ విన్నాక నాకు తేలిందేంటంటే, కారు ఈ క్షణాన ఏ రోడ్డు మీద ఎక్కడుందో కనిపెట్టడంలో ఇన్‌బిల్ట్ సిస్టమ్ ఫోన్ కంటే గట్టిది, కానీ మనం ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నామో అర్థం చేసుకోవడంలో మాత్రం చాలా వెనకబడింది. డ్రైవర్లు తిట్టే తిట్లన్నీ దాదాపు ఈ రెండోదాని గురించే. మెచ్చుకునే ఆ కొద్దిమంది మెచ్చుకునేది మొదటిదాన్నే.

ముందు తిట్ల సంగతి. అడ్రస్ ఎక్కించడం అన్నిటికంటే పెద్ద చిరాకు. పాత కార్లలో గుండ్రటి నాబ్ ఉండేది, ఇప్పటికీ కొన్నిటిలో ఉంది. స్క్రీన్ మీద అక్షరాలు వరసగా పేర్చి ఉంటాయి, నాబ్ తిప్పుతూ మనకి కావాల్సిన అక్షరం దగ్గర ఆపి నొక్కాలి. ఒక్క గాటు ఎక్కువ తిరిగితే పక్క అక్షరం పడుతుంది, దాన్ని చెరపడానికి మళ్లీ చివరిదాకా తిప్పుకుంటూ పోవాలి. ఇంతా చేసి సగం టైప్ అయ్యాక, ఆ పేరుతో తన దగ్గర వీధి లేదనుకుంటే మిగతా అక్షరాలన్నీ మసకబారిపోయి నొక్కనివ్వవు. పేరు తప్పా, ఊరు ముందు ఇవ్వాలా, స్పెల్లింగ్ వేరేగా ఉందా అని ఒక్క మాట చెప్పదు. ఫోన్‌లో అయితే తప్పుల తడకగా కొట్టినా, షాపు పేరు సగమే గుర్తున్నా పట్టేస్తుంది. ఆ అలవాటులో ఉన్న మనిషికి ఈ నాబ్ గోల ఎందుకు నచ్చుతుంది చెప్పండి.

ఇది ఊరికే విసుగుతో అంటున్న మాట కాదు. అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంఘానికి చెందిన ఫౌండేషన్ 2017లో అప్పటి కొత్త మోడళ్లు 30 తీసుకుని పరీక్షలు చేయించింది. డ్రైవర్ దృష్టిని అన్నిటికంటే ఎక్కువగా మళ్లించే పని నావిగేషన్‌లో గమ్యం ఎక్కించడమేనని తేలింది, సగటున దానికి పట్టిన టైమ్ 40 సెకన్లు. నడుస్తున్న కారులో 40 సెకన్లంటే మాటలు కాదు. అందుకే చాలా కంపెనీలు బండి కదలగానే కీబోర్డుకి తాళం వేసేస్తాయి. మంచిదే, కానీ పక్క సీట్లో ఖాళీగా కూర్చున్న మనిషిని కూడా టైప్ చేయనివ్వదు చూడండి, అక్కడే మండుతుంది. హైవే మీద ఎక్కడ ఆపమంటారు?

మరి నోటితో చెప్పొచ్చు కదా అంటారా. ఒక అద్దె కారులో ఆస్పత్రికి దారి చూపించమని స్పష్టంగా చెబితే అది మా మేనమామకి ఫోన్ కలిపింది. ఆయన ఎత్తాక పెట్టేయలేక ఐదు నిమిషాలు మాట్లాడాల్సి వచ్చింది. ఈమధ్య వస్తున్న కార్లలో వాయిస్ చాలా మెరుగైంది, అది ఒప్పుకోవాలి. అయినా మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు వచ్చేసరికి ఇంకా తడబడుతూనే ఉంది.

రెండో తిట్టు మ్యాప్ పాతబడటం. కొత్తగా తెరిచిన బైపాస్ మీద వెళ్తుంటే, స్క్రీన్ మీద మన బాణం గుర్తు రోడ్డూ గీడూ లేని ఖాళీ పచ్చరంగులో ఈదుకుంటూ పోతుంది, లోపలి గొంతు మాత్రం వీలైనప్పుడు యూ-టర్న్ తీసుకోండని మర్యాదగా చెబుతూనే ఉంటుంది. అప్‌డేట్ చేయిద్దామంటే ఒకప్పుడు డీవీడీ కొనాలి, తర్వాత ఎస్‌డీ కార్డు వచ్చింది, ఆ కార్డు కూడా చాలా కార్లలో ఆ ఒక్క కారుకే ముడిపడి ఉంటుంది, ఇంకో దాంట్లో పెడితే పనిచేయదు. ఇప్పుడు నెట్ ద్వారా దానంతటదే అప్‌డేట్ అవుతుందంటున్నారు, నిజమే, ఉచితం గడువు ఉన్నన్నాళ్లు అవుతుంది. ఆ తర్వాత సబ్‌స్క్రిప్షన్ కట్టండని మెసేజ్ వస్తుంది. అదే మ్యాప్ ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా వస్తుంటే కట్టేవాళ్లెవరు? 2009 అక్టోబరులో గూగుల్ ఫోన్‌లో ఉచితంగా మలుపు మలుపుకీ దారి చెప్పడం మొదలుపెడుతున్నట్టు ప్రకటించగానే నావిగేషన్ పరికరాలు అమ్మే గార్మిన్, టామ్‌టామ్ కంపెనీల షేర్లు కుప్పకూలాయి. స్టాక్ మార్కెట్‌కి ఆ రోజే అర్థమైంది, కార్ల కంపెనీలకి మాత్రం ఇంకా పూర్తిగా ఎక్కినట్టు లేదు.

పాత మ్యాప్ వల్ల వచ్చే తంటా ఇప్పుడు ఇంకో రకంగా కూడా తగులుతోంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో స్పీడ్ లిమిట్ దాటితే హెచ్చరించే వ్యవస్థ తప్పనిసరి. ఆ లిమిట్ ఎంతో కారు తెలుసుకునేది కెమెరాతో బోర్డులు చదివి, లేదంటే మ్యాప్‌లో ఉన్నదాన్ని బట్టి, లేదా రెండూ కలిపి. మ్యాప్‌లో పాత అంకె ఉండిపోయి కెమెరాకి బోర్డు కనపడలేదంటే, మనం సరిగ్గానే పోతున్నా అది కుయ్యోమంటూనే ఉంటుంది. మ్యాప్ తప్పయితే ఇదివరకు దారి తప్పేవాళ్లం, అంతే. ఇప్పుడు దారి తెలిసిన రోడ్డు మీద కూడా చీవాట్లు తినాలి.

అసలు చిక్కంతా ఎక్కడుందంటే, కారు ఎలక్ట్రానిక్స్ డిజైన్ బండి షోరూమ్‌కి రావడానికి కొన్నేళ్ల ముందే ఖాయమైపోతుంది, ఆ తర్వాత మనం దాన్ని పదేళ్లో పన్నెండేళ్లో వాడతాం. అన్నేళ్లు ఒకే ఫోన్ వాడేవాళ్లని మీరెక్కడైనా చూశారా? 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్క్‌లు ఆపేసినప్పుడు, నిక్షేపంలా నడుస్తున్న ఎన్నో కార్లలో ఆన్‌లైన్ సేవలు ఒక్కసారిగా పోయాయి. అదే ఏడాది జనవరిలో పాత హోండా, అక్యూరా కార్లు కొన్నిటిలో నావిగేషన్ గడియారం వెనక్కి దూకి 2002 చూపించడం మొదలెట్టింది, ఆగస్టు దాకా సర్దుకోలేదు. జీపీఎస్ సిగ్నల్‌లో వారాల లెక్క 1024కి చేరితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అంటే దాదాపు 20 ఏళ్లకోసారి, దాని తేడాయే ఇదని చాలామంది సాంకేతిక నిపుణులు అప్పట్లో వివరించారు.

ఇక మెచ్చుకోవాల్సింది. ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలి, ఎందుకంటే దీని బలం అందులోనే ఉంది. కార్లలో నావిగేషన్ మొదలైంది ఉపగ్రహాలతో కాదు. 1981లో హోండా తెచ్చిన ఎలక్ట్రో గైరోకేటర్‌లో గ్యాస్‌తో పనిచేసే గైరోస్కోప్ ఉండేది, కారు ఎటు తిరిగిందో ఎంత దూరం పోయిందో లెక్కకట్టి, పారదర్శకంగా ఉండే ఫిల్మ్ మ్యాప్ వెనక వెలుగు చుక్కని కదిపేది. 1985లో వచ్చిన ఈటాక్ నావిగేటర్ మ్యాపులని క్యాసెట్లలో పెట్టుకుంది, లాస్ ఏంజిలిస్ ప్రాంతానికి ఒక్క క్యాసెట్ చాలేది కాదు, మధ్యలో మార్చుకోవాల్సిందే. చక్రాల దగ్గర సెన్సర్లు, ఒక దిక్సూచి, వాటి లెక్కని మ్యాప్‌లోని రోడ్డుతో సరిపోల్చుకోవడం, అంతే దాని విద్య. జీపీఎస్ ఉన్న నావిగేషన్ మొదటిసారి కారులో బిగించి అమ్మింది 1990లో మాజ్డా, యూనోస్ కాస్మో అనే కారులో. అప్పటికీ మామూలు జనానికి అందే సిగ్నల్‌ని అమెరికా కావాలనే చెడగొట్టి పంపేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెలలో అది ఆపాకే ఈ వ్యవహారం అందరికీ అక్కరకొచ్చింది.

ఆ గైరోస్కోప్ లెక్క, చక్రాల లెక్క ఇప్పటికీ ఇన్‌బిల్ట్ సిస్టమ్ లోపల బతికే ఉంది. ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్ల పైన ఉంటాయి, మనమెక్కడున్నామో తేల్చాలంటే కనీసం 4 కనపడాలి. సొరంగంలోకి దిగగానే ఒక్కటీ కనపడదు. ఫోన్‌లోనూ సెన్సర్లున్నాయి కానీ చక్రం ఎన్నిసార్లు తిరిగిందో దానికి తెలీదు, అందుకే చుక్క అక్కడే బిగుసుకుపోవడమో, అంచనా మీద తోచినట్టు ముందుకు జరిగిపోవడమో జరుగుతుంది. సొరంగం లోపలే రోడ్డు రెండుగా చీలే చోట్లున్నాయి, అక్కడ ఫోన్‌ని నమ్ముకుంటే ఎటు పోవాలో తేలేలోపు చీలిక దాటిపోతుంది. కారు మాత్రం చక్రాల తిరుగుడు చూసుకుంటుంది, బండి ఎంత వంపు తిరిగిందో చూసుకుంటుంది, తొణక్కుండా సరిగ్గా ఆ చీలిక ముందు ఎడమ అని చెబుతుంది. భూగర్భ పార్కింగ్‌లోంచి బయటికొచ్చేటప్పుడు కూడా అంతే, ఫోన్ ఇంకా ఏ దిక్కు చూస్తున్నామో తేల్చుకోలేక గిరగిరా తిరుగుతుంటే, కారు బాణం అప్పటికే రోడ్డు వైపు తిరిగి ఉంటుంది. ఎత్తైన బిల్డింగుల మధ్య, ఫ్లైఓవర్ కింద సర్వీస్ రోడ్డు మీద కూడా ఈ తేడా తెలుస్తుంది, అయితే ఫ్లైఓవర్ దగ్గర మాత్రం కారు సిస్టమ్‌లు కూడా అప్పుడప్పుడు పొరబడతాయి, పైనున్నామో కిందున్నామో పోల్చుకోలేక.

ఇంకో సుఖం చూపులో ఉంది. మలుపు బాణం స్టీరింగ్ వెనక మీటర్లలోనో, అద్దం మీద పడే హెడ్-అప్ డిస్‌ప్లేలోనో వస్తే తల తిప్పే పనే ఉండదు. ఫోన్ అయితే ఎండ పడి వేడెక్కి స్క్రీన్ మసకేసుకుంటుంది, లేదా సరిగ్గా ఎగ్జిట్ దగ్గరికొచ్చేసరికి ఎవరో కాల్ చేస్తారు, మ్యాప్ మీద వాళ్ల ఫొటో వచ్చి కూర్చుంటుంది. ఆ రెండు సెకన్ల టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ట్రాఫిక్ విషయంలో పోటీయే లేదు, ఫోన్‌దే గెలుపు. రోడ్డు మీదున్న లెక్కలేనన్ని ఫోన్ల నుంచి దానికి సమాచారం వస్తోంది మరి.

అందుకే ఫోన్‌లోని మ్యాప్‌ని కారు స్క్రీన్ మీదికి తెచ్చే యాపిల్ కార్‌ప్లే 2014లో, గూగుల్ ఆండ్రాయిడ్ ఆటో ఆ మరుసటి ఏడాది వచ్చినప్పుడు డ్రైవర్లు హమ్మయ్య అనుకున్నారు. ఫోన్ తెలివి, కారు స్క్రీన్. ఏఏఏ ఫౌండేషనే 2018లో మళ్లీ చూస్తే, వీటితో గమ్యం ఎక్కించడం కారు సొంత సిస్టమ్ కంటే దాదాపు 15 సెకన్లు తొందరగా అయింది. మామూలు పెట్రోలు, డీజిల్ కారు కొనేవాళ్లకి నా సలహా కూడా అదే, ఇవి రెండూ ఉంటే నావిగేషన్ కోసమని పై మోడల్‌కి పోవద్దు. రోజూ సొరంగాల మీదుగా, సిగ్నల్ అందని కొండ దారుల్లో తిరిగేవాళ్లయితే వేరే సంగతి, అక్కడ మ్యాప్ మొత్తం కారులోనే ఉండటం పెద్ద ధీమా.

ఎలక్ట్రిక్ కారు దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. బ్యాటరీలో ఎంత మిగిలింది, ఈ చలికి, ఈ ఎత్తుకి ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ ఆగి ఎంతసేపు ఛార్జ్ చేయాలి, ఇవన్నీ కారుకే బాగా తెలుసు. ఫాస్ట్ ఛార్జర్‌ని గమ్యంగా పెడితే చాలా కార్లు అక్కడికి చేరేలోపే బ్యాటరీని తగిన వేడికి తెచ్చుకుంటాయి, ఛార్జింగ్ తొందరగా అవుతుంది. ఫోన్‌లో దారి పెట్టుకుని వెళ్తే చాలా కార్లకి ఆ కబురే అందదు. టెస్లా సొంత నావిగేషన్‌ని డ్రైవర్లు మెచ్చుకునేది ముఖ్యంగా ఇందుకే. పోల్‌స్టార్ 2లో 2020 నుంచి గూగుల్ మ్యాప్స్‌నే కారు లోపల పెట్టేశారు, నా మట్టుకు అదే సరైన దారి, వెతకడం గూగుల్‌ది, బ్యాటరీ లెక్క కారుది.

కానీ 2023లో జనరల్ మోటార్స్ తన రాబోయే ఎలక్ట్రిక్ కార్లలో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో ఉండవని చెప్పినప్పుడు జనం ఎందుకు మండిపడ్డారో కూడా నాకు తెలుసు. మంచిది పెట్టండి, మేమే వాడతాం, ఇంకోటి వాడకుండా చేతులు కట్టేయడమెందుకన్నది వాళ్ల వాదన. నెలనెలా సబ్‌స్క్రిప్షన్ వసూళ్లు, మన రాకపోకల డేటా, ఈ రెంటి మీదా కంపెనీలకి ఆశ లేదంటే నేను నమ్మను.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు అందరూ ఇంజిన్, సీట్లు, సన్‌రూఫ్ చూసి వచ్చేస్తారు. ఓ పది నిమిషాలు దీనికీ కేటాయించండి. సేల్స్‌మన్‌ని చేయనివ్వకుండా మీ చేత్తో మీ ఇంటి అడ్రస్ ఎక్కించి చూడండి, తర్వాత నోటితో చెప్పి చూడండి. ఈమధ్యే తెరిచిన రోడ్డేదైనా తెలిస్తే అది మ్యాప్‌లో ఉందో లేదో వెతకండి. కావాలని ఒక మలుపు వదిలేసి, కొత్త దారి చెప్పడానికి ఎంతసేపు తీసుకుంటుందో గమనించండి. అప్‌డేట్లు ఎన్నేళ్లు ఉచితం, ఆ తర్వాత కట్టకపోతే పాత మ్యాప్ అయినా మిగులుతుందా లేక నావిగేషనే ఆగిపోతుందా అన్నది కాగితం మీద అడగండి, నోటిమాట వద్దు. సెకండ్ హ్యాండ్ కారైతే ముందు ఎస్‌డీ కార్డు స్లాట్ తెరిచి చూడండి, పాత ఓనర్ కార్డు తీసేసుకుని ఉండొచ్చు. ఆన్‌లైన్ అకౌంట్ ఇంకా ఆయన పేరు మీదే ఉందేమో కనుక్కోండి. అది మార్చి ఇవ్వకపోతే, కార్డు లేకపోతే, ఆ కారులో నావిగేషన్ లేనట్టే లెక్కేసుకుని బేరమాడండి.