ఒంగోలులోనే ఉండి సినిమా తీయడమా, హైదరాబాదు వెళ్లడమా

దర్శకత్వాన్ని వృత్తిగా ఎంచుకున్న ఒంగోలు యువతీయువకులు హైదరాబాదు వెళ్లాలా, ఊళ్లోనే పని మొదలుపెట్టాలా అన్నది ముందుగా తేల్చుకోవాలి. హైదరాబాదులోని కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ పరిసరాల్లో కెమెరా, ఎడిటింగు వంటి సినిమా 24 శాఖల వాళ్లూ దొరుకుతారు. సహాయ దర్శకుడిగా చేరితే షెడ్యూలు వేయడం, కంటిన్యుటీ (షాటు షాటుకూ దుస్తులు, వస్తువులు తేడా పడకుండా చూసే వివరాలు) రాసుకోవడం, పెద్ద బృందంతో పని చేయించడం దగ్గరుండి నేర్చుకోవచ్చు. అయితే సంపాదన గది అద్దెకే సరిపోయే ఆ తొలి ఏళ్లలో సొంత కథ రాసుకునే తీరిక చిక్కడం కష్టం.

ఊళ్లో ఖర్చు తక్కువ. అంతకన్నా ముఖ్యంగా, కథకు కావలసిన మనుషులూ, యాసా, చోటూ చేతికందే దూరంలో ఉంటాయి. కొత్తపట్నం తీరంలో పడవలు ఒడ్డుకు చేరి చేపల బేరం మొదలయ్యే వేళను గానీ, చీమకుర్తి గ్రానైటు క్వారీలు మెట్లు మెట్లుగా దిగే లోతును గానీ ఏ సెట్టులోనూ అంత సహజంగా చూపలేము. కాకపోతే సముద్రపు గాలికి మైకుకు బొచ్చు తొడుగు లేనిదే సంభాషణ వినబడదు. క్వారీలో డ్రిల్లింగు ఆగిన సమయం చూసుకునే షాటు పెట్టుకోవాలి. అనుభవమున్న సౌండు రికార్డిస్టును చాలాసార్లు బయటి నుంచే పిలిపించుకోవాలి. నెల్లూరు వాళ్లకు ఈ విషయంలో చెన్నై దగ్గర కావడం కొంత మేలు. ఎడిటింగు ఇంట్లోని కంప్యూటరు మీదే చేసుకోవచ్చు.

నా మటుకు నేను, తొలి లఘుచిత్రాలు ఇక్కడే తీసి, వాటిని చూపించి హైదరాబాదులో ఒకటి రెండు సినిమాలకు పనిచేసి రావడమే మేలంటాను. పెద్ద సినిమాకు పెట్టుబడి, విడుదల ఒప్పందాలు ఇప్పటికీ ఎక్కువగా అక్కడే కుదురుతున్నాయి గనుక ఆ రాకపోకలు ఎలాగూ తప్పవు.