అమెరికా పెళ్లిలో బ్రైడ్స్‌మెయిడ్: నాష్‌విల్, సవానా ఖర్చుల లెక్క

అమెరికన్ ఫ్రెండ్ పెళ్లిలో బ్రైడ్స్‌మెయిడ్‌గా, అంటే పెళ్లికూతురి పక్కనుండే స్నేహితురాలిగా నిలబడాలంటే డ్రెస్ మనదే, చెప్పులు మనవే, హోటల్ బిల్లూ మనదే. పెళ్లికి ముందు అమ్మాయిలందరూ వెళ్లే బ్యాచిలరెట్ ట్రిప్‌లో పెళ్లికూతురి వాటా కూడా చాలాసార్లు మిగతావాళ్లే పంచుకుంటారు. విడిది ఇల్లు, పెట్టుబడి చీర అలవాటైన మనకి ఇది ఒక పట్టాన మింగుడు పడదు. మా ఆఫీసు అమ్మాయి అడిగినప్పుడు సంతోషంగా ఒప్పుకుంటూనే, నేను ఎంతవరకు పెట్టగలనో అప్పుడే చెప్పేశాను. తను ఏమీ అనుకోలేదు. పైగా, ‘నువ్వు చెప్పాక మిగతావాళ్లు కూడా నోరు విప్పారు’ అంది.

మేముండేది అట్లాంటా పక్కన ఆల్ఫరెట్టాలో. బ్యాచిలరెట్ ట్రిప్ నాష్‌విల్‌లో, పెళ్లి సవానాలో. అట్లాంటా నుంచి రెండూ దాదాపు 250 మైళ్లే, ట్రాఫిక్ లేకపోతే నాలుగు గంటల డ్రైవ్. ఇంకో ఇద్దరిని కారులో ఎక్కించుకుంటే పెట్రోలు ఖర్చు లెక్కలోకే రాదు. విమానం టికెట్, బ్యాగేజీ, ఎయిర్‌పోర్టు క్యాబ్ ఖర్చులన్నీ తప్పాయి. నాష్‌విల్ సెంట్రల్ టైమ్‌లో, అంటే అట్లాంటా కన్నా ఒక గంట వెనక ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఒక గంట కలిసొస్తుంది, తిరుగు ప్రయాణంలో అది పోతుంది.

నాష్‌విల్‌లో డౌన్‌టౌన్‌కి దగ్గరగా ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నారు. ఇలాంటి ఇళ్లకి మొదటి పేజీలో కనిపించే రేటే చివరిది అనుకోవద్దు. క్లీనింగ్ ఫీజు, సర్వీస్ ఫీజు, పన్నులు అన్నీ కలిసిన చివరి పేజీ మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగించి చూడాలి. శుక్ర, శనివారాల్లో ఆ ఊళ్లో రేట్లు ఆకాశంలో ఉంటాయి. ఇల్లు ఫోటోల్లో ఉన్నంత బాగానే ఉంది కానీ, అందరూ ఒకేసారి తయారయ్యే సాయంత్రం వేడినీళ్లు అయిపోయాయి. ఓనర్‌కి మెసేజ్ పెడితే మర్నాడు జవాబిచ్చాడు. అయినా ఆరుగురు దాటితే ఇల్లే మేలు, వంటగది ఉంటుంది కదా. నేను పట్టుకెళ్లిన ఉప్మా రవ్వతో ఒక పూట బ్రంచ్ బిల్లు తప్పింది. అల్లం పచ్చడి మాత్రం ఒక్కతే రెండోసారి వేసుకుంది. నలుగురే అయితే హోటల్లో రెండు గదులు తీసుకోండి. డౌన్‌టౌన్ హోటళ్లలో పార్కింగ్ ఫీజు విడిగా ఉంటుంది, అదొక్కటి ముందే అడగాలి.

నాష్‌విల్ బ్రాడ్‌వే వీధిలో చాలా బార్లకి ఎంట్రీ టికెట్ ఉండదు. అక్కడ పాడే బ్యాండ్లు బాగా ఆధారపడేది టిప్పుల మీదే, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. తాగకపోయినా పాటలు విని వచ్చేయొచ్చు. అందరూ కూర్చుని తొక్కే పెడల్ బండి ఉంటుంది చూడండి, దానికి సీటుకింత అని డబ్బులిచ్చి మరీ మనమే తొక్కాలి! నేను అది ఎగ్గొట్టి, సెంటెనియల్ పార్కులో గ్రీసు దేశపు ఏథెన్స్‌లోని పార్థెనాన్ అనే పాత గుడి కొలతలతోనే కట్టిన భవనం చూసొచ్చాను. బయట తిరగడానికి పైసా ఖర్చు లేదు, లోపలున్న ఎథీనా దేవత విగ్రహానికి మాత్రం టికెట్ ఉంది. ఊరికి పడమర బెల్‌వ్యూలో గణేశుడి గుడి కూడా ఉంది.

సవానాలో పెళ్లివాళ్లు హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో ఒక హోటల్లో అతిథుల కోసం కొన్ని గదులు బ్లాక్ చేయించారు, అంటే ముందే పట్టి ఉంచారు. బ్లాక్ రేటు అంటే డబ్బులు వాళ్లిస్తారని కాదు. కాస్త తగ్గింపు, అదీ గడువులోపు బుక్ చేసుకుంటేనే. ఎయిర్‌పోర్టు వైపు పూలర్‌లో చైన్ హోటళ్లు చాలా చవక, నేను దిగినదానిలో బ్రేక్‌ఫాస్ట్, పార్కింగ్ ఫ్రీ. కానీ పెళ్లిరోజు మేకప్ పొద్దున్నే మొదలవుతుంది, రిసెప్షన్ అర్ధరాత్రి దాకా సాగుతుంది. రెండు వైపులా క్యాబ్ పెట్టుకుంటే మిగిలిందంతా అక్కడే పోతుంది. అందుకే ముందు రాత్రి పూలర్‌లో పడుకుని, పెళ్లి రాత్రికి ఇంకో బ్రైడ్స్‌మెయిడ్‌తో బ్లాక్ హోటల్ గది పంచుకున్నాను. నాకు బాగా కలిసొచ్చిన నిర్ణయం ఇదే.

సవానా నడిచి తిరగాల్సిన ఊరు. చెట్ల నీడలో స్క్వేర్లు అనే చిన్న పార్కులు 22, ఫోర్సైత్ పార్కులో 1858 నాటి ఫౌంటెన్. డాట్ అనే షటిల్ బస్సు, నది దాటించే ఫెర్రీ రెండూ ఉచితం. రివర్ స్ట్రీట్ రాళ్లబాట మీద హీల్స్‌తో నడిస్తే కాలు మడత పడ్డట్టే, ఫ్లాట్ చెప్పులు సంచిలో ఉండాలి. దగ్గర్లోని టైబీ బీచ్ బాగుంది కానీ పార్కింగ్‌కి గంటల లెక్కన కట్టాలి.

డ్రెస్ ఆన్‌లైన్‌లో వంద డాలర్లకి అటూఇటూగా దొరికింది. రంగు పెళ్లికూతురిది, మోడల్ మన ఇష్టం. పొడవు తగ్గించడానికి బ్రైడల్ షాపులో చెప్పిన రేటు విని, మా దగ్గర బ్లౌజులు కుట్టే ఆంటీకి ఇచ్చాను. షిఫాన్ అంచు శుభ్రంగా మడిచి ఇచ్చారు, షాపు రేటులో సగం కూడా తీసుకోలేదు. ‘ఇంత కింద పోగుపడితే ఎలా నడుస్తావమ్మా’ అని ఇంకో అంగుళం కూడా తగ్గించారు. హెయిర్, మేకప్ రెండూ తప్పనిసరా అని పెళ్లికూతుర్ని అడిగితే హెయిర్ చాలంది, మేకప్ నేనే వేసుకున్నాను. గిఫ్ట్ అందరం కలిపి ఒకటే కొన్నాం.

అన్నీ కూడితే డ్రెస్ మూడో స్థానంలో ఉంది. బస మొదటిది, నాష్‌విల్ తిండి రెండోది. సవానాకి మళ్లీ వెళ్తాను, నాష్‌విల్‌కి మాత్రం వారం మధ్యలో అయితేనే. ఇంకొకటి, సవానా వైపు హరికేన్ (తుఫాను) సీజన్ జూన్ నుంచి నవంబర్ దాకా. ఆ నెలల్లో పెళ్లి అయితే కాస్త ఎక్కువైనా క్యాన్సిల్ చేసుకునే వీలున్న గదే తీసుకోండి.