ఎన్‌ఎంఆర్ సిగ్నల్‌కు రెండు వివరణలు: పద్నాలుగేళ్లు వాడాక నా మాట

ఎన్‌ఎంఆర్ అంటే అయస్కాంత క్షేత్రంలో పెట్టిన పరమాణు కేంద్రకాలు ఇచ్చే రేడియో సిగ్నల్‌తో అణువుల నిర్మాణం తెలుసుకునే పద్ధతి. ఎమ్మెస్సీలో నేను దాన్ని నేర్చుకున్నది ఒకే బొమ్మతో. తక్కువ శక్తికి కింద ఒక గీత, ఎక్కువ శక్తికి పైన ఒక గీత. పల్స్ (క్షణకాలపు రేడియో తరంగం) ఇస్తే స్పిన్‌లు, అంటే చిన్న అయస్కాంతాల్లాంటి కేంద్రకాలు, పైకెక్కుతాయి, దిగేటప్పుడు ఫోటాన్ వదులుతాయి, అదే సిగ్నల్. పరీక్షకు ఆ బొమ్మ చాలింది. ఉద్యోగంలో చేరి 400 మెగాహెర్ట్జ్ మిషన్ ముందు కూర్చున్న మొదటి వారంలోనే అది చేతులెత్తేసింది.

ఆ రోజు పల్స్ క్యాలిబ్రేషన్, అంటే పల్స్ ఎంతసేపు ఇవ్వాలో తేల్చే పని, చేస్తున్నాను. పల్స్ పొడవు పెంచేకొద్దీ పీక్ (స్క్రీన్ మీద సిగ్నల్ శిఖరం) పెరిగి, 10 మైక్రోసెకన్ల దగ్గర అన్నిటికన్నా ఎత్తుకు వెళ్లింది. తర్వాత తగ్గుతూ తగ్గుతూ 20 దగ్గర మాయమైంది. 20 అంటే 180 డిగ్రీల పల్స్, స్పిన్‌లను పూర్తిగా తిరగేసేది; 10 అంటే అందులో సగం, 90 డిగ్రీలు. పై గీత మీద స్పిన్‌లు ఎక్కువగా ఉండేది అప్పుడే. బొమ్మ నిజమైతే సిగ్నల్ హోరెత్తాల్సింది అక్కడ. 10 దగ్గరేమో రెండు గీతల మీదా సమానం, అంటే అక్కడ ఏమీ రాకూడదు. నా స్క్రీన్ మీద అంతా తారుమారుగా ఉంది.

భౌతిక శాస్త్రవేత్త ఫెలిక్స్ బ్లోక్ 1946లోనే చెప్పిన లెక్కతో చిక్కు విడింది. శాంపిల్‌లోని ప్రోటాన్ల అయస్కాంతత్వమంతా కలిపి ఒకే బాణం అనుకోండి. గది ఉష్ణోగ్రతలో అది చాలా చిన్న బాణం: ఈ మిషన్‌లో 10 లక్షల ప్రోటాన్లకు రెండు గీతల మధ్య తేడా సుమారు 32 మాత్రమే. పల్స్ దాన్ని పక్కకు వాలుస్తుంది. వాలిన బాణం సెకనుకు 40 కోట్ల సార్లు తిరుగుతూ పక్కనున్న కాయిల్‌లో వోల్టేజీ పుట్టిస్తుంది. సైకిల్ డైనమోలో జరిగేదీ ఇదే: అయస్కాంతం తిరిగితే పక్కనున్న తీగచుట్టలో వోల్టేజీ పుడుతుందనే ఫారడే నియమం. బాణం పూర్తిగా తలకిందులైతే అడ్డంగా తిరిగేది ఏమీ మిగలదు. 20 దగ్గర సున్నా అందుకే.

అలాగని బాణంతోనే అన్నీ తేలవు. డెప్ట్-135 అనే కార్బన్ ఎన్‌ఎంఆర్ ప్రయోగంలో సీహెచ్2 (రెండు హైడ్రోజన్లున్న కార్బన్) పీక్‌లు కిందికి ఎందుకు తిరుగుతాయో బాణం చెప్పలేదు. జంటపడిన స్పిన్‌లకు క్వాంటం లెక్క కావాల్సిందే. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను: ఆ రెండు గీతల కథ క్వాంటం సిద్ధాంతం కాదు, అందులో సగం ముక్క. 90 డిగ్రీల పల్స్ తర్వాత ప్రతి స్పిన్ ఒకేసారి రెండు స్థితుల కలయికలో (సూపర్‌పొజిషన్) ఉంటుంది. దాని సగటు కడితే వచ్చేది బ్లోక్ బాణమే.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నేను ఏ బొమ్మా గీయను. ముందు పల్స్ పొడవు మార్చుకుంటూ పోయి, పీక్ ఎక్కడ మాయమవుతుందో చూసి రమ్మంటాను.