లార్ప్ ఆట కోసం నల్గొండలో అద్దెకు తెచ్చుకున్న వేషాలు

నల్గొండ పాతబస్తీలో నాటకాల వేషసామగ్రిని అద్దెకిచ్చే ఒక చిన్న దుకాణం నుంచి గత డిసెంబరులో ఇరవై రెండు మందికి దుస్తులు తెచ్చుకున్నాం. మా అవసరం లార్ప్, అంటే లైవ్ యాక్షన్ రోల్ ప్లేయింగ్. రాసిపెట్టిన సంభాషణలు లేకుండా, తనకిచ్చిన పాత్ర ఎవరో, దానికి ఏం కావాలో మాత్రమే తెలుసుకుని, పొద్దంతా ఆ మనిషిగానే మాట్లాడుతూ, తిరుగుతూ, నిర్ణయాలు తీసుకుంటూ ఆడే ఆట ఇది. ఇంగ్లండులో 1982లో ట్రెజర్ ట్రాప్ అనే బృందం పెక్‌ఫర్టన్ కోటలో ఇలాంటి ఆటలు మొదలుపెట్టింది. మేము దేవరకొండ దుర్గం కనిపించేంత దూరంలో, తెలిసినవారి బత్తాయి తోట పక్కనున్న చెలకలో ఆడుకున్నాం. రాచకొండను, దేవరకొండను ఏలిన రేచర్ల పద్మనాయకుల రెండు శాఖలవారు 14వ శతాబ్దంలో ఒక చెరువు నీటి పంపకం కోసం కూర్చున్నట్టు కథ అల్లుకున్నాం.

దుకాణం పెద్దాయన మొదట మఖ్మల్ అంగీలు, జరీ అంచుల ఉత్తరీయాలు, అద్దాలు తాపిన కిరీటాలు, భుజకీర్తులు తీసి ముందు పరిచారు. భాగోతానికి అవి ఎంతో నిండుగా ఉంటాయి. అయితే అవన్నీ దూరం నుంచి, దీపాల వెలుతురులో, ఎదుటివైపు నుంచి మాత్రమే చూడటానికి కుట్టినవి. చాలా అంగీలకు వీపు వైపు నాడాలే తప్ప బట్ట లేదు. లార్ప్‌లో పక్కన కూర్చుని అన్నం తినే మనిషి కూడా మన వేషాన్ని నమ్మాలి. స్వీడన్, నార్వే, డెన్మార్క్ వంటి నార్డిక్ దేశాల ఆటగాళ్లలో చాలామంది కంటికి కనిపించే ప్రతి వస్తువూ కథలోదే కావాలని పట్టుబట్టడానికి కారణం అదే.

“చూసేటోళ్లు ఎంతమంది బిడ్డా?” అని ఆయన అడిగారు. “చూసేవాళ్లు ఎవరూ ఉండరు పెద్దయ్యా, వచ్చినవాళ్లందరూ వేషం కట్టేవాళ్లే” అన్నాను. కాసేపు ఆలోచించి, “అట్లయితే నీకు స్టేజి సామాను అక్కెరకు రాదు, పగటి వేషాల సామాను కావాలె” అని లోపలి నుంచి ఇంకొక ట్రంకు పెట్టె తెప్పించారు. ఇంటింటి ముందు పట్టపగలు నిలబడి, ఎదుటి మనిషి మాటకు అప్పటికప్పుడు మాట కలిపే పగటి వేషగాళ్ల పనికీ మా ఆటకూ ఉన్న పోలికను ఆయన ఒక్క మాటతో పట్టుకున్నారు. నాలుగేళ్లుగా ఆడుతున్నా నాకు అది తట్టలేదు. ఆ పెట్టెలోని నూలు పంచెలు, ముతక కండువాలు, తలపాగాలు మా కథకు సరిగ్గా అమరాయి. పొడవు ఎక్కువైన వాటిని అక్కడికక్కడే మడిచి కుట్టించి ఇచ్చారు, దానికి విడిగా డబ్బు తీసుకోలేదు.

ఆయుధాల విషయంలో మాత్రం ఈ దుకాణంపై ఆధారపడకూడదు. అక్కడున్నవి రేకు కత్తులు. వేదిక మీద ఝళిపించడానికి పనికొస్తాయి గాని, వాటి అంచులు చేతిని కోస్తాయి. లార్ప్ కత్తికి లోపల ఫైబర్‌గ్లాస్ కడ్డీ, చుట్టూ మెత్తటి ఫోమ్, పైన లేటెక్స్ అనే రబ్బరు పూత ఉంటాయి. అలాంటి కత్తితోనైనా పొడవకూడదు, తలపై కొట్టకూడదు అన్నది మా నియమం. మావి మేమే తీసుకెళ్లి, ఎండకు లేటెక్స్ పాడవుతుందని ఆడనంతసేపూ వేపచెట్టు నీడలో ఉంచాం.

ఒక్కొక్క వేషానికి రోజుకు రెండు వందల రూపాయలు, మొత్తానికి మూడు వేల డిపాజిట్. రెండు లోపాలు చెప్పక తప్పదు. ఎర్ర తలపాగాలను ముందుగా తడిపి చూడకపోవడం వల్ల మధ్యాహ్నానికి చెమటకు రంగు దిగి ముగ్గురి నుదుళ్లు ఎర్రబడ్డాయి. నాయకుడి పాత్రకు తీసుకున్న ఒకే ఒక్క కిరీటం నుంచి రెండు అద్దాలు ఊడిపోయాయని డిపాజిట్‌లో మూడు వందలు కోశారు. అవి తీసుకునేటప్పుడే కదులుతున్నాయని మేము చూపించాం కనుక ఆ కోత న్యాయం కాదని నా అభిప్రాయం. వస్తువులు తీసుకునే ముందు ప్రతిదాన్నీ ఫోనులో ఫొటో తీసుకోండి.

ఈ రెండూ ఉన్నా ఫిబ్రవరి ఆటకు మళ్లీ అక్కడికే వెళ్తున్నాం. బడుల వార్షికోత్సవాల రోజుల్లో వేషాలన్నీ బయటికి పోతాయని పెద్దాయన ముందే హెచ్చరించారు కాబట్టి పగటి వేషాల పెట్టెను మూడు వారాల ముందే చెప్పి పెట్టించుకున్నాం.