ఇంగ్లండు పల్లెల్లో ఓకు కర్ర బార్న్‌లు: ఏది చూడాలి, ఎప్పుడు వెళ్లాలి

లండన్ హీత్రూలో దిగాక ఆదివారం ఒక పూట ఖాళీ దొరికితే హార్మండ్స్‌వర్త్ గ్రేట్ బార్న్ చూడండి. బార్న్ అంటే పంట దాచే పెద్ద కొట్టం. విమానాశ్రయానికి ఆనుకుని ఉన్న ఊరే. ఎలిజబెత్ లైన్ రైల్లో వెస్ట్ డ్రేటన్ దాకా వెళ్లి అక్కణ్ణుంచి టాక్సీ పట్టుకోవచ్చు. టికెట్ లేదు. చిక్కల్లా తెరిచే రోజులతోనే: ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, అదీ నెలలో రెండో, నాలుగో ఆదివారాలు మాత్రమే. మిగతా రోజుల్లో వెళ్తే తాళం చూసి రావాలి. సామాను హోటల్లో పెట్టి వెళ్లడం మేలు.

వించెస్టర్ కాలేజీ తన పొలాల పంట దాచడానికి 1426 ప్రాంతంలో కట్టించిన కొట్టం ఇది. పొడవు 58 మీటర్ల పైన, వెడల్పు దాదాపు 12. కర్రలో చాలా భాగం నాటిదే. పాత కట్టడాలని కాపాడే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ 2012లో దీన్ని 20,000 పౌండ్లకే కొన్నది. ఆ డబ్బుకి లండన్‌లో కారు షెడ్డు కూడా రాదు.

లోపలికి వెళ్లగానే అందరూ కప్పు వైపు చూస్తారు. మీరు ముందు స్తంభాలు చూడండి. మన పాకలో నిట్రాడు మధ్యలో నిలబడుతుంది. ఇక్కడ మధ్య దారి బండి కోసం వదిలేసి, స్తంభాలని రెండు వరుసలుగా పక్కలకి జరిపారు. స్తంభం తల కిందకంటే లావుగా ఉంటుంది, ఎందుకంటే చెట్టుని తలకిందులుగా నిలబెట్టారు. పొడుగు దూలం, అడ్డదూలం రెండూ వచ్చి కూర్చునేది ఆ తల మీదే, అందుకే మొదలు వైపు లావు పైకి కావాలి. అతుకులకి ఇనుము వాడలేదు. ఒక కర్ర చివరని నాలుకలా చెక్కి రెండోదాని బెజ్జంలోకి దించి, అడ్డంగా ఓకు చీల కొట్టారు. నాలుకలోని రంధ్రాన్ని కావాలనే కొద్దిగా పక్కకి వేస్తారు; చీల దిగుతున్నకొద్దీ అతుకు బిగుస్తుంది. పచ్చి ఓకు కాబట్టి ఆరాక వంకర తిరుగుతుంది, నిలువునా పగుళ్లు పడతాయి. వాటికి భయపడక్కర్లేదు. కర్రని తినేది తడి. బయట మట్టి పేరుకుని అడుగు దూలం దాకా వచ్చినా, కర్ర చుట్టూ సిమెంటు పూసినా నీరు లోపలే నిలిచి అడుగు చివికిపోతుంది.

కట్టడం తెలిసినవాళ్లు మాత్రం ఒక రోజంతా ఎసెక్స్‌లోని క్రెసింగ్ టెంపుల్‌కి ఇవ్వాలి, నా ఓటు దానికే. లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి విథమ్ దాకా రైలు, తర్వాత టాక్సీ. తిరుగు టాక్సీ కూడా ముందే మాట్లాడుకోండి. టెంప్లర్ల (మధ్యయుగపు క్రైస్తవ యోధ సన్యాసుల) గోధుమ బార్న్ 1257-1280 మధ్యది, బార్లీ బార్న్ అంతకంటే పాతది. రెండూ ఒకే ఆవరణలో ఉండటం వల్ల అతుకు పని ఎలా మారిందో పక్కపక్కనే తెలుస్తుంది. టార్చిని కర్రకి ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తే పాత బార్న్‌ల కర్రల మీద వడ్రంగుల గీతలు పైకి తేలతాయి: రోమన్ అంకెల్లా, కాకపోతే నాలుగుకి నాలుగు నిలువు గీతలే. చట్రాన్ని నేల మీదే పేర్చి, అమరిక సరిచూసి, ఊడదీసి మళ్లీ లేపేటప్పుడు ఏ కర్ర ఎక్కడికో తెలియడానికి. ఇక్కడ పెళ్లిళ్లకి అద్దెకిస్తారు కాబట్టి శనివారాలు ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి.

ఈ బార్న్‌లకి ఎదురెదురు తలుపులు ఎందుకో కూడా గమనించండి. వానల దేశం, కళ్లం ఆరుబయట కుదరదు. రెండు తలుపుల మధ్య నేల మీదే కంకులు కొట్టి, తలుపులు తీసి ఆ గాలికే తూర్పారబట్టేవారు.

కారు ఉంటే వూస్టర్ దగ్గర లీ కోర్ట్ బార్న్ సరే. నేల నుంచి కప్పు కొన దాకా వంపు తిరిగిన ఒకే కర్ర, పక్క స్తంభాలే లేవు. పిల్లలతో అయితే చిచెస్టర్ పక్కన వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియం నయం. టికెట్ ఉంది గాని, ఎలుకలు ఎక్కకుండా పుట్టగొడుగుల్లాంటి రాళ్ల మీద నిలబెట్టిన గాదె చూడగానే పిల్లలకి అర్థమైపోతుంది.

బసకి బార్న్‌ని ఇల్లుగా మార్చినవి చాలా దొరుకుతాయి. ఫొటోలో కర్ర నల్లగా నిగనిగలాడితే అది తర్వాత వేసిన రంగు. పాత ఓకు బూడిద రంగులో ఉంటుంది. అటక గదిలో వేసవి వేడి, అడ్డదూలానికి తల తగలడం మామూలే. పెద్దవాళ్లుంటే కింది గదే అడగండి. ఆదివారం సాయంత్రం పల్లె పబ్బుల్లో వంటిల్లు తొందరగా మూసేస్తారు. శాకాహారులు విథమ్‌లోనే ఏదో ఒకటి కొనిపెట్టుకోండి.