ఆక్సూంలో షేబా రాణిని పక్కన పెడితే

ఇథియోపియా ఉత్తరాన, టిగ్రాయ్ ప్రాంతంలోని పాత రాజధాని ఆక్సూంలో గైడు మొదటి గంటలోనే షేబా రాణి (బైబిల్లో సొలొమోను రాజును చూడవచ్చిన రాణి) పేరు పదిసార్లు ఎత్తుతాడు. మై షుమ్ చెరువు ఆవిడ స్నానాల కొలనట, డుంగూర్ శిథిలాలు ఆవిడ అంతఃపురమట! డుంగూర్ కట్టింది సుమారు క్రీ.శ. 6వ శతాబ్దంలో. షేబా కథ జరిగిందనుకునే కాలానికి అది వెయ్యిన్నర ఏళ్లు తర్వాతది. మిగిలినవి గదుల పునాదులే, అరగంట చాలు.

రోజు ఖర్చుపెట్టాల్సింది శిలాస్తంభాల దగ్గర. ఒకే రాయిలో చెక్కిన 33 మీటర్ల స్తంభం ముక్కలై పడి ఉంది. బరువు 520 టన్నులని అంచనా. నిలబెడుతుండగానే కూలిందని ఎక్కువమంది పండితుల మాట. ఇప్పుడు పక్కన నిలిచి ఉన్న 24 మీటర్లదాన్ని 1937లో ఇటలీ సైన్యం రోమ్‌కు ఎత్తుకుపోయింది. 2005లో మూడు ముక్కలుగా విమానంలో తిరిగొచ్చింది, 2008లో మళ్లీ నిలబెట్టారు. దగ్గరకెళ్లి అడుగుభాగం చూడండి: రాతి తలుపు, దానికి గడియ కూడా చెక్కారు. ఊరి బయట కాలెబ్ రాజు సమాధుల్లో చీకటి, టార్చి లేకుండా దిగొద్దు.

ఆ సమాధులకు వెళ్లే దారిలోనే చిన్న రేకుల పాక లాంటి గదిలో ఎజానా రాజు శాసనం ఉంది. గైడ్లు దాటించేస్తారు, పట్టుబట్టి ఆపించండి. తాళం తీసే కాపలాదారుకు చిల్లర ఇవ్వాలి. గ్రీకు, సబాయి (దక్షిణ అరేబియా పాత భాష), గీజ్ (ఇథియోపియా పాత భాష) భాషల్లో ఒకే సంగతి. గీజ్ లిపిలో ఒక్కో హల్లుకు ఏడు రూపాలు. గుణింతం దిద్దిన మనకు ఇట్టే అర్థమయ్యే పద్ధతి.

సియోను మరియమ్మ చర్చి దగ్గర మాత్రం వెంట వచ్చిన ఆడవాళ్ల ముఖాలు మాడిపోతాయి. 17వ శతాబ్దపు పాత చర్చిలోకి మగవాళ్లకే ప్రవేశం. ఆడవాళ్లకు హైలే సెలాసీ చక్రవర్తి కట్టించిన కొత్త చర్చి. ఈ సంగతి టికెట్టు కొనకముందే అడిగి తేల్చుకోవాలి, కొన్నాక వాదించి లాభం లేదు. నిబంధన పెట్టెను (బైబిల్లోని పది ఆజ్ఞల పలకలున్న మందసాన్ని) దాచారనే మందిరంలోకి ఎవరినీ పోనివ్వరు, కావలి సన్యాసి ఒక్కడే ఉంటాడు. "చూపిస్తా" అన్నవాడికి పైసా ఇవ్వొద్దు. వీధిలో అమ్మే "పాత ఆక్సూం నాణేలు" కూడా అంతే. నకిలీవైతే డబ్బు దండగ, నిజమైనవైతే దేశం దాటించడం నేరం.

శాకాహారులు బుధ, శుక్రవారాలు ఇక్కడ పడేలా చూసుకోండి. ఇక్కడి క్రైస్తవులకు ఉపవాస దినాలు కాబట్టి మాంసం, పాలు, నెయ్యి లేని పళ్లెం దొరుకుతుంది. "త్సోమ్ బెయాయినెతు" అనండి. ఇంజెరా అంటే మన పుల్లట్టే, ఒకవైపే కాలుస్తారు. మిగతా రోజుల్లో శిరో (శనగపిండి కూర) అడిగితే "బొజెనా" వద్దని చెప్పండి, అందులో మాంసం వేస్తారు.

డ్రైవరు "రెండింటికి" అంటే పొద్దున ఎనిమిది. వాళ్ల గడియారం తెల్లవారుజామున ఆరుతో మొదలవుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక యేహా ప్రయాణాలు చెడతాయి. యేహా 50 కి.మీ. దూరం. సున్నం లేకుండా పేర్చిన రాతిగోడల గుడి, సుమారు క్రీ.పూ. 7వ శతాబ్దానిది. ఆక్సూం కంటే ముందే ఇది చూస్తే మేలని నా లెక్క.

పాత ధరలు నమ్మొద్దు. 2024 జులైలో డాలరుకు 57 బిర్లుండేవి, కొన్ని నెలల్లోనే 100 దాటాయి. 2020–22 టిగ్రాయ్ యుద్ధం తర్వాత పరిస్థితి ఇంకా కుదుటపడలేదు, బయల్దేరేముందు ప్రభుత్వ హెచ్చరికలు చూడండి. విమానం ఆగిపోవచ్చు, రాజధాని అడిస్ అబాబాలో ఒక రోజు ఖాళీ పెట్టుకోండి.